రెండు శనివారాలు, లేని బుధవారం

"డోన్ బెలార్మినో పోయారా?" అని ఫోన్లో ఆస్పత్రి నర్సు నోల్ఫా మాన్సిల్లాను అడిగింది.

గురువారం పొద్దున పది దాటింది. ఉత్తరపు గాలి తెల్లవారకముందు నుంచీ లైబ్రరీ పైకప్పు రేకుల్ని పీకుతూనే ఉంది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. మాతే ఆకు కషాయం తాగుదామని ఆమె అప్పుడే కప్పులో ఆకు పోసుకుంది. ఎదుటి బల్ల దగ్గర ముసలి ఫ్రోయిలాన్ ఆ కషాయంలో తన వంతు కోసం కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"పోవడమేంటమ్మా? ఎవరన్నారు?" అంది నోల్ఫా.

"ఎవరూ అనలేదు. నిన్న బుధవారం డయాలసిస్‌కి రాలేదు. ఫోన్ చేస్తే కలవట్లేదు. ఏడాదిగా ఒక్క రోజు కూడా మానని మనిషి. అలాంటోళ్లు మానేశారంటే మాకు మామూలుగా ఒకటే కారణం కనిపిస్తుంది. అందుకే అడిగా."

"నిన్న రాలేదా? ఉండండి, కాగితం చూసి చెప్తాను."

పోయిన వారం కాగితం ఇంకా గోడ మేకుకే తగిలించి ఉంది. గురువారంతో మొదలై బుధవారంతో ముగిసే ఏడు వరసలు, ఏడు రోజులు, ఏ రోజున ఏ దీవి నుంచి ఎవరిని పడవ ఎక్కించాలో. నోల్ఫా దాన్ని నిబ్బరంగానే తీసుకుంది. తన కాగితం కదా. వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది. గురువారం. శుక్రవారం. శనివారం. శనివారం. ఆదివారం. సోమవారం. మంగళవారం. అక్కడితో అయిపోయింది.

ఆమె వేలు ఖాళీ కాగితం మీద ఆగిపోయింది. శనివారం రెండుసార్లు పడింది. బుధవారం లేదు.

"ఉన్నారా?" అంది నర్సు. "చూడండమ్మా, సోమవారం తర్వాత ఆయన రక్తం కడగలేదు. రేపటి దాకా అంటే నాలుగు రోజులు. ఆయన గుండె అంత ఓర్చుకోదు. ఇవాళే తీసుకురండి. ఎలా తెస్తారో నాకు తెలీదు."

ఫోన్ పెట్టేసింది. గిన్నెలో నీళ్లు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమన్నా నోల్ఫా కదల్లేదు. "ఏమైంది తల్లీ, అలా కొయ్యబారిపోయావ్?" అని ఫ్రోయిలాన్ లేచి వచ్చి గిన్నె దింపాడు.

నోల్ఫా అలా కొయ్యబారడం మా లిన్‌కే రేవులో ఎవరూ చూసి ఎరుగరు. యాభై నాలుగేళ్ల మనిషి; మగవాళ్లను గౌరవంగా డోన్ అన్నట్టు, ఆమెను అందరూ డోన్యా అంటారు. పంతొమ్మిదేళ్లు సాల్మన్ చేపల కర్మాగారంలో చేపల కడుపులు చీల్చింది. మణికట్టు పాడైపోతే పొమ్మన్నారు. అప్పుడు పురపాలక సంఘంవాళ్లు దయతలిచి లైబ్రరీలో ఊడ్చే పని ఇచ్చారు. అదే ఏడు నాలుగు కంప్యూటర్లు అట్టపెట్టెల్లో వచ్చి, మూడు నెలలు మూలన పడి ఉన్నాయి. విప్పాల్సినవాడు ఎవడో పెద్ద ఊరి నుంచి రావాలట. వాడు రాలేదు. మూసిన పెట్టె పక్కన చీపురు పట్టుకుని తిరగడం నోల్ఫా వల్ల కాలేదు. ఒక సోమవారం కత్తి తెచ్చి నాలుగూ కోసేసింది. చేపల్ని కోసిన చెయ్యి కదా, అట్ట దానికొక లెక్కా అని రేవంతా నవ్వింది.

తర్వాత ఒక ఉపాధ్యాయుడు ఐదు రోజుల తరగతి చెప్పి వెళ్లిపోయాడు. మిగతాదంతా ఆమె తప్పులు చేసి నేర్చుకున్నదే. ఒకసారి మూడు రోజుల పాటు ఒక ఫోల్డర్లోని ఫైలు దిద్దుతూ, ఇంకో ఫోల్డర్లో ఉన్న పాత ఫైలును నడిపిస్తూ, ఎంత మార్చినా ఏమీ మారదేమని ఏడ్చింది. సంగతి తెలిశాక తనను తాను తిట్టుకున్న తిట్లు రాయడానికి పనికిరావు. కానీ ఆ రోజే ఆ తప్పును ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించింది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎలా పోయింది. ఆ గోడ ఇప్పుడు నిండిపోయింది. హైస్కూలు పిల్లలు, మస్సెల్ గుల్లల వ్యాపారులు, చర్చి పద్దుల కోసం సొంతంగా ప్రోగ్రామ్ రాసుకుంటున్న పాదిరీ, అందరూ ముందు గోడ చదువుతారు. అక్కడ లేని తప్పయితేనే ఆమె దగ్గరికి రావాలి. ఉన్న తప్పుతో వస్తే చీవాట్లు తప్పవు.

ఫ్రోయిలాన్ సంగతే చూడండి. భార్య అల్లిన ఉన్ని చొక్కాలు అమ్ముదామని డెబ్బై ఒకటో ఏట సొంతంగా వెబ్ పేజీ కట్టాడు. బాగానే కట్టాడు. దాని చిరునామాను చెక్క మీద చెక్కి సంతలో నిలబెట్టాడు. నెల రోజులైనా ఒక్కరికీ తెరుచుకోలేదు. "మా ఇంట్లో తెరుచుకుంటోంది, మీకెందుకు తెరుచుకోదు?" అని సంతలో జనంతో తగువు పెట్టుకున్నాడు. చూస్తే, కంప్యూటరు తనను తాను పిలుచుకునే చిరునామా అది. ఎవరు కొట్టినా ఎవరి కంప్యూటరు వాళ్లకే పలుకుతుంది.

"సంతలో నిలబడి 'మా ఇల్లు నేనుండే చోట ఉంది' అని చాటించావు డోన్ ఫ్రోయిలాన్. జనం ఎవరింటికి వాళ్లు వెళ్లి తలుపు కొట్టుకుంటున్నారు," అంది నోల్ఫా. అతను అలగలేదు. ఆ చెక్కను తెచ్చి లైబ్రరీ గోడకే మేకు కొట్టాడు.

అలాంటి నోల్ఫా కిందటేడు మే నెలలో పడవ కోసం ప్రోగ్రామ్ రాసింది. అంతకుముందు ఆ పడవ వ్యవహారం చూస్తే ఒళ్లు మండేది. డయాలసిస్ రోగుల కోసం పురపాలక సంఘం పెట్టిన పడవ అది. నడిపేది ఎరాల్దో బార్రియా. మా దీవుల్లో పడవ ఆపాలంటే గట్టు మీద నిలబడి తెల్లగుడ్డ ఊపడం తాతల నాటి అలవాటు. గుడ్డ కనిపిస్తే ఎరాల్దో చెయ్యి దానంతటదే చుక్కాని తిప్పేది. సంతకు పోయే ఆడవాళ్లు, పందిపిల్ల పట్టుకున్నవాళ్లు, అత్తగారింటికి బయల్దేరినవాళ్లు ఎక్కేసేవారు. తీరా రోగి ఉన్న దీవికి వచ్చేసరికి చోటుండేది కాదు. ఉన్నా పొద్దెక్కిపోయేది. ముసలివాళ్లు సంచి పట్టుకుని గట్టునే మిగిలిపోయేవారు.

నోల్ఫాకు అది చూసి కోపం తన్నుకొచ్చింది. ప్రోగ్రామ్ రాసి, వారానికొక కాగితం తీసి ప్రతి రోగికీ, ఎరాల్దోకూ పంపే ఏర్పాటు చేసి, తానే ప్రతి దీవికీ వెళ్లి అందరి ముందూ చెప్పింది. కాగితంలో ఉంటే పడవ ఆగుతుంది. లేకపోతే ఆగదు. గుడ్డ ఊపినా ఆగదు. ఏదైనా అడగాలనుకుంటే కాగితాన్ని అడగండి. ఎరాల్దోకైతే విడిగా రెండుసార్లు చెప్పింది. జనం గొణిగారు గానీ ఒప్పుకున్నారు. నెల తిరిగేసరికి రోగులు వేళకు వెళ్తున్నారు. మొదట్లో ప్రతి కాగితాన్నీ ఆమె చేత్తో సరిచూసేది. ఆరు నెలలు ఒక్క తప్పూ రాకపోయేసరికి చూడటం మానేసింది.

ఐదుగురు రోగులు. నలుగురికి మంగళ, గురు, శని. ఆయుకో దీవిలో ఉండే బెలార్మినో రైన్ ఒక్కడికే సోమ, బుధ, శుక్ర. ఆయన చేరేనాటికి ఆ రోజుల్లోనే ఒక మంచం ఖాళీగా ఉంది. కాబట్టి బుధవారం మాయమైతే మాయమయ్యేది ఆయన ఒక్కడే.

ఎరాల్దో వానకోటుతో తడుస్తూ వచ్చాడు. ఆమె ఫోన్లో పిలిచిన పిలుపుకే సగం భయపడి ఉన్నాడు.

"నిన్న ఆయుకో వెళ్లలేదా?"

"కాగితంలో లేదుగా," అన్నాడతను. "శనివారం రెండుసార్లుంటే మిషను నత్తి కొట్టిందనుకున్నా. ఒకటి కొట్టేశాను. బుధవారం లేదంటే ఆ పెద్దాయన రోజు మార్చారేమో అనుకున్నా."

"అడగొచ్చుగా నన్ను?"

ఎరాల్దో నేల చూశాడు. "అడిగితే తిడతావుగా డోన్యా నోల్ఫా. కాగితాన్ని అడగమంటావుగా."

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎరాల్దో చెప్పిన రెండో సంగతి అంతకంటే అధ్వాన్నం. ఇవాళ్టి నలుగురు రోగుల్నీ అతను పొద్దున్నే దింపేశాక, గాలి ముదిరి నౌకాదళంవాళ్లు చిన్న పడవలకు రేవు మూసేశారు. రేవు అధికారిని అడిగితే మధ్యాహ్నం గాలి తగ్గాక చూద్దాం అన్నాడట. ఎరాల్దో మళ్లీ బతిమాలడానికి పరుగెత్తాడు. బెలార్మినో ఫోను మోగడం లేదు. గాలి వీస్తే ఆయుకోలో సిగ్నల్ ఎప్పుడూ పోతుంది.

నోల్ఫాకు ఆ రెండు గంటలు చెయ్యడానికి ఏమీ లేదు. ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రామ్ తెరిచింది.

తన దగ్గరికొచ్చే పిల్లలకు ఏం చెప్తుందో అదే చేసింది. ఊహించుకోకు, ప్రతి అడుగులో ఏం జరుగుతోందో దానిచేతనే రాయించు. పోయిన వారాన్నే మళ్లీ ఇచ్చి, రోజు పేరు ఒక్కటే కాదు, గంటతో సహా రాయించింది. తెర మీద ఏడు వరసలు పడ్డాయి. గురువారం, సున్నా గంటలు, అంటే అర్ధరాత్రి. శుక్రవారం, సున్నా గంటలు. శనివారం, సున్నా గంటలు. శనివారం, ఇరవై మూడు గంటలు, అంటే రాత్రి పదకొండు. ఆదివారం, ఇరవై మూడు గంటలు. అక్కడి నుంచి అన్నీ ఇరవై మూడే.

ఇరవై మూడు ఎక్కడి నుంచి వచ్చింది? ప్రోగ్రామ్ పదకొండో వరసలో ఆమె రాసింది చాలా చిన్న సంగతి. ఇవాళ్టికి ఇరవై నాలుగు గంటలు కలిపితే రేపు వస్తుంది. చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క. ఏడాది పాటు ప్రతి వారం ఒప్పిన లెక్క.

"ఇరవై నాలుగు కలిపాను," అంది పైకే. "అర్ధరాత్రికి ఇరవై నాలుగు కలిపితే అర్ధరాత్రే కదా రావాలి. ఒక గంట ఎవడు మింగాడు?"

ఫ్రోయిలాన్ ఆమె భుజం మీదుగా తెర చూస్తున్నాడు. అతనికి ఆ కోడ్ సగం కూడా అర్థం కాదు. "ఏ శనివారం అది?" అన్నాడు.

"మొన్నటిది. ఏప్రిల్ మొదటి శనివారం."

"మొన్న శనివారమేగా గడియారాలు వెనక్కి తిప్పుకున్నది? మా ఆవిడ ఒక గంట ఎక్కువ పడుకోవచ్చని మురిసిపోయింది," అన్నాడతను తాపీగా. "అంటే ఆ రోజుకు ఇరవై అయిదు గంటలు కదమ్మా."

నిజమే. దక్షిణార్ధగోళంలోని మా దేశంలో ఏటా గడియారాలు ఎండాకాలానికి గంట ముందుకు, చలికాలానికి గంట వెనక్కి తిప్పుతారు; శీతాకాలపు వేళ మొదలయ్యేది సరిగ్గా ఆ శనివారం అర్ధరాత్రికే. పన్నెండు కొట్టబోతుండగా మళ్లీ పదకొండవుతుంది. శనివారం అయిపోకుండా ఇంకో గంట సాగుతుంది. ఇరవై నాలుగు గంటలు కలిపితే ఆదివారానికి చేరదు, శనివారం చివరనే చిక్కుకుపోతుంది. ఆమె ప్రోగ్రామ్ దాన్నే మరో రోజనుకుని మళ్లీ శనివారం అని రాసింది. ఏడు వరసలు నిండిపోయాయి. ఎనిమిదోదిగా బయట పడిపోయింది బుధవారం. కొత్త కాగితం మళ్లీ గురువారంతో మొదలవుతుంది కాబట్టి తప్పు దానంతటదే మాసిపోయింది. సెప్టెంబరులో గడియారం ముందుకు తిప్పినప్పుడు అర్ధరాత్రి బదులు ఒంటిగంట పడి ఉంటుంది, రోజు మాత్రం సరిగానే వచ్చింది. అందుకే ఏ మచ్చా కనబడలేదు.

లైబ్రరీ గోడ గడియారాన్ని సోమవారం పొద్దున తన చేత్తోనే వెనక్కి తిప్పింది నోల్ఫా. బల్ల ఎక్కి మరీ తిప్పింది. ఆ ముల్లు తిప్పుతున్నప్పుడు కూడా పదకొండో వరస గుర్తు రాలేదు. ఊరందరి తప్పులూ పట్టి గోడకు అంటించిన మనిషి, తన రోజుకు ఎన్ని గంటలో తెలుసుకోలేకపోయింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

వరస మార్చడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. గంటలు కలపొద్దు, క్యాలెండరులో తర్వాతి రోజేదో అడుగు. ఇదీ కొత్తగా రాసింది. మళ్లీ నడిపితే బుధవారం వచ్చి బుద్ధిగా ఏడో వరసలో కూర్చుంది. బెలార్మినో రైన్, ఆయుకో, ఉదయం ఆరున్నర.

పన్నెండున్నరకు రేవు అధికారి ఒప్పుకున్నాడు. నౌకాదళం మరబోటు వెనకాల వస్తుంది, ఎరాల్దో పడవ ముందు వెళ్లాలి. నోల్ఫా తానూ వస్తానంది. "నువ్వొచ్చి ఏం చేస్తావ్? వాంతులు చేసుకుంటావ్," అన్నాడు ఎరాల్దో. వద్దని మాత్రం అనలేదు.

గాలి తగ్గిందన్నది పేరుకే. పడవ ముక్కు లేస్తోంది, పడుతోంది. దారి సగం గడిచాక ఎరాల్దో చుక్కాని మీంచి కళ్లు తిప్పకుండా అన్నాడు. "నిన్న నేనాయన్ని చూశాను."

నోల్ఫాకు సరిగా వినపడలేదు. మళ్లీ అడిగింది.

"బుధవారం ఖాళీగా ఉందని పక్క దీవికి సిమెంటు బస్తాలు వేసుకెళ్లా. ఆయుకో ముందు నుంచే వెళ్లా. ఆయన గట్టు మెట్ల మీద కూర్చునున్నాడు. పక్కన సంచి ఉంది. నన్ను చూసి చెయ్యెత్తాడు. నేనూ హారన్ కొట్టా. పలకరిస్తున్నాడనుకున్నా."

"సంచి చూశావా?"

"చూశా."

"చూసీ ఆపలేదా?"

"నువ్వేగా ఆపొద్దన్నావ్," అన్నాడు ఎరాల్దో. "పాత రోజులైతే ఆగేవాణ్ణి. ఊరికే నవ్వినా ఆగేవాణ్ణి. ఏడాదిగా ఆగకుండా ఉండటం నేర్చుకున్నా డోన్యా. బాగా నేర్చుకున్నా."

ఆమె చెయ్యి ఎత్తింది, కొట్టడానికే. ఎవరిని కొట్టాలో తెలియక దించేసింది. ఇద్దరు మనుషులు ముప్పై గజాల దూరంలో ఒకరినొకరు చూసుకుని, మర్యాదగా పలకరించుకుని, ఎవరి దారిన వాళ్లు పోయారు. అదంతా ఏడు వరసల కాగితం చెప్పినట్టే జరిగింది.

బెలార్మినో బతికే ఉన్నాడు. వంటింట్లో పొయ్యి పక్కన కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చునున్నాడు. పెదాలు బూడిద రంగులోకి తిరిగాయి. పాదాలు ఉబ్బి ఉన్ని మేజోళ్లలో పట్టడం లేదు. భార్య ఔదోలియా కోసిన బంగాళదుంపల్ని రెండోసారి నీళ్లు మార్చి నానబెడుతోంది. దుంపలే తిని బతికే దీవిలో, ఆయన కోసం దుంపలో ఉన్న, ఆయన గుండెకు పడని సారమంతా నీళ్లలో వదిలించి పెట్టడమే ఆమెకు రోజంతా పని.

"చేతులు తిమ్మిరెక్కుతున్నాయంటాడు. లేవమంటే కాళ్లు రావట్లేదంటాడు," అంది ఔదోలియా. "రేపు పడవ వస్తుందిలే, ఎవరినీ ఇబ్బంది పెట్టొద్దంటాడు. ఏం చెయ్యను నేను?"

బెలార్మినో తలెత్తి చూశాడు. నోల్ఫాను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. "ఇంత గాలిలో మీరెందుకొచ్చారు డోన్యా నోల్ఫా? ఇవాళ నా రోజు కాదు కదా," అన్నాడు.

మరబోటులో వచ్చిన నౌకాదళం కుర్రవాళ్లిద్దరూ ఆయన్ని కుర్చీతో సహా ఎత్తారు.

రేవులో అంబులెన్సు సిద్ధంగా ఉంది. క్యాస్త్రో ఊళ్లోని ఆస్పత్రికి చేరేసరికి ఆయన గుండె గతి తప్పి కొట్టుకుంటోంది. నర్సుది పొద్దున ఫోన్లో విన్న గొంతే. నోల్ఫాతో ఒక్క మాట మాట్లాడకుండా ఆయన్ని లోపలికి తీసుకుపోయింది. మొదట ఏవో సూదులు, తర్వాత యంత్రం. సాయంత్రం డాక్టరు బయటికి వచ్చి, ప్రాణానికి గండం గడిచిందని, ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని అంది. నోల్ఫా వరండా బల్ల మీద కూలబడి ఏడ్చింది. ఎరాల్దో పక్కన నిలబడి తన టోపీని నలుపుతూ ఉండిపోయాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె ఆయన్ని చూడటానికి వెళ్లింది. దారంతా బస్సులో మాటలు కూర్చుకుంది. ఆయన తిట్టాలి. తిడితే తల వంచుకుని వినాలి. కంప్యూటరు మీదో, ఎరాల్దో మీదో నెట్టకుండా ఒప్పుకోవాలి.

ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహంలోకి రంగు వచ్చింది. ఆమె కుర్చీ లాక్కుని, క్షేమం కూడా అడక్కుండా మొదలుపెట్టింది. ఇరవై అయిదు గంటల శనివారం, పదకొండో వరస, అంతా చెప్పింది. "తప్పు నాది డోన్ బెలార్మినో. కంప్యూటరుది కాదు, ఎరాల్దోది కాదు. నాదే."

ఆయన శ్రద్ధగా విన్నాడు. "శనివారం రెండుసార్లు ఉండటం చూశాం," అన్నాడు. "ఔదోలియా కూడా చూసింది. ఏదో కారణం ఉండి ఉంటుందనుకున్నాం."

"ఒక్క ఫోన్ చెయ్యకపోయారా?"

"కాగితంలో ఉన్నదాని గురించి మళ్లీ ఫోనెందుకులే అని."

"మరి బుధవారం సంచి పట్టుకుని మెట్ల దగ్గరికి ఎందుకెళ్లారు?"

ఆయన ఆమె వంక వింతగా చూశాడు. "బుధవారం కదా," అన్నాడు.

ఆయనకు తెలుసు. ఆమెకు తెలియనిది, ఆమె ప్రోగ్రామ్‌కు తెలియనిది, ఆ ముసలాయనకు పొద్దున్నే నిద్ర లేవగానే తెలుసు. తెలిసి కూడా ఎరాల్దో పడవ మలుపు తిరిగేదాకా కూర్చుని, ఇంటికి నడిచి వెళ్లిపోయాడు.

"జేబులో గుడ్డ ఉంది," అన్నాడాయన నెమ్మదిగా. "తీద్దామా అనుకున్నా. మీరొచ్చి చెప్పిన రోజు అందరి ముందూ నేనూ ఒప్పుకున్నానాయె. నేనే మాట తప్పితే బాగుండదని ఊరుకున్నా."

"ఇకనుంచి తీయండి. కాగితం గంగలో కలవనీ. మీ ఒంటికి బాగా లేదనిపిస్తే పడవ ఆపండి. ఎరాల్దోకు నేను చెప్తాను."

బెలార్మినో తల అడ్డంగా ఊపాడు. "వద్దు డోన్యా. అలాగైతే మళ్లీ సంతకెళ్లేవాళ్లంతా గుడ్డలు తీస్తారు. కాగితం రాకముందు నేను నెలకు రెండుసార్లయినా గట్టున మిగిలిపోయేవాణ్ణి. పక్క రోజు ఎవరి పడవో బతిమాలుకుని, సగం చచ్చి ఇక్కడికి వచ్చేవాణ్ణి. ఈ నర్సమ్మనే అడగండి. కాగితం వచ్చాక ఏడాదిలో ఒక్కసారేగా. అది మంచి కాగితం."

తిట్లకు సిద్ధపడి వచ్చిన మనిషి ఆ మెప్పును తట్టుకోలేకపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఆయన ఓదార్చడానికి అనలేదు. ఉన్న మాట అన్నాడు. అందుకే అది మరీ గుచ్చుకుంది. చంపబోయిన కాగితమూ, ఏడాది పాటు బతికించిన కాగితమూ ఒకటే అయితే దాన్ని ఏం చెయ్యాలో ఏ గోడ మీదా రాసి లేదు.

నర్సు వచ్చి సూది చూసి వెళ్లింది.

"సోమవారం నా పేరుందా?" అన్నాడు బెలార్మినో.

"ఉంది."

ఆయన కళ్లు చికిలించి చూశాడు. పెదవి చివర కొద్దిగా వంకర తిరిగింది. "చూసి చెప్తున్నారా, ఊరికే అంటున్నారా?"

ఏడాదిలో ఏ దీవివాళ్లూ ఆమెను ఆ ప్రశ్న అడగలేదు. నోల్ఫా చప్పున సంచిలోంచి కాగితం తీసి, మడత విప్పి, దుప్పటి మీద పరిచింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు వంగాడు. గురువారం దగ్గర ఆమె వేలు పెట్టింది, దాని పక్కనే ఆయన కూడా తన వేలు పెట్టాడు, ఇద్దరూ కలిసి పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టారు.